రెండేళ్ళ పూచీ

స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి చేర్చి వినడం ఆయనకు ఇరవై ఏడేళ్ళ అలవాటు. అందుకే ఊరంతా ఆయన్ని చెవిమేస్త్రి అంటుంది. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది గానీ, సంతకం పెట్టేటప్పుడు అది ఎవరిదో అన్నట్టు ఆయనే ఓ క్షణం చూస్తాడు. మోటారు రొద అడుగున సన్నగా, నిలకడగా ఒకటే ధ్వని వినిపిస్తే తలాడించి పక్కకు తప్పుకునేవాడు. చెవి పని అయ్యాక చేతి పని. బేరింగు పెట్టె మీద అరచెయ్యి పరిచి ఒకటీ రెండూ అని లోపల్లోపల లెక్కపెట్టేవాడు. ముప్పై దాకా చెయ్యి తియ్యకుండా ఉండగలిగితే పంపుకి ఢోకా లేదన్నమాట.

ఇప్పుడా చెయ్యి పదకొండు దగ్గరే లేచిపోతోంది.

పురపాలక సంఘం వారి పంపు హౌసు అది. నేల కింద సంపులోకి చేరిన నీటిని ఊరి ట్యాంకుకి ఎక్కించాలి, పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. పంపులు రెండున్నాయి. రెండో నంబరు నాలుగేళ్ళ కిందటే మూలబడింది. దాని బేరింగులూ సీళ్ళూ ఒక్కొక్కటే ఊడదీసి ఒకటో నంబరుకి వేస్తూ వచ్చాడు మేస్త్రి. కొత్తవి కొనకుండా నెట్టుకొస్తున్నందుకు పాత ఇంజనీరు భుజం తట్టేవాడు. ఇప్పుడు రెండో నంబరంటే పైన పెయింటు, లోపల గాలి.

రెండు నెలల కిందట బడ్జెట్ సమావేశంలో, కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ పంపుసెట్టు కొనాలని కాగితం పెట్టింది. ముప్పై ఏళ్ళు నిండని మనిషి. మాట మెత్తన, లెక్క గట్టి. ఆ ఖర్చు రాబట్టాలంటే ఇంటిపన్ను నూటికి పద్నాలుగు పెంచాలి. ఆ మాట వినగానే బెంచీల మీద జనం గొల్లుమన్నారు. చైర్మన్ రిటైరైన హెడ్మాస్టరు. పన్ను పెంచమంటే ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టు ముడుచుకుపోయే మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మేస్త్రిని పిలిచాడు.

“మేస్త్రీ, ఆ పంపుతో కాపరం చేసినవాడివి నువ్వు. నువ్వు చెప్పు. ఇంకెన్నాళ్ళు లాగుతుంది?”

మేస్త్రి సభలో నోరు విప్పడం అదే మొదలు. వందమంది తలలు ఒక్కసారి వెనక్కి తిరిగేసరికి ఒంట్లో ఏదో పొంగింది.

“రెండేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదు సార్. పూచీ నాది.”

చప్పట్లు మోగాయి. ఇంజనీరమ్మ మాత్రం, “ఏ లెక్కన చెబుతున్నారు మేస్త్రి గారూ?” అంది.

“చెవి లెక్కనమ్మా.”

సభంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ పెన్ను మూత పెట్టలేదు. పోనీ విడి బేరింగులకీ, రెండో నంబరు బాగుచేయించడానికీ ఏమైనా కేటాయించమంటావా అని చైర్మన్ అడిగాడు. ఆ ఊపులో ఉన్న మేస్త్రి, “పైసా అక్కర్లేదు సార్” అనేశాడు. కొత్త పంపు కాగితం పక్కకు పోయింది. పన్ను ఉన్నచోటే ఉంది.

ఇంటికి నడుస్తుంటే సగం దారిలోనే ఆ ‘పైసా అక్కర్లేదు’ గొంతులో ముల్లులా గుచ్చుకుంది. నోరు జారితే వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

మర్నాటి నుంచి ఊరు ఆయన్ని మర్యాదతో చంపడం మొదలుపెట్టింది. బజారు మలుపులో సెలూను నడిపే బావమరిది గడ్డం గీసి డబ్బు తీసుకోలేదు.

“వద్దు బావా. మా పన్ను నీ పూచీ, నీ గడ్డం నా పూచీ.”

“రెండేళ్ళూనా?”

“పంపు ఆడినన్నాళ్ళూ. అది ఆగిందనుకో, ఇదే కత్తి ఇదే పీక” అని కత్తి తోలుపట్టా మీద అటూ ఇటూ రాశాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మేస్త్రి అద్దంలో తన గొంతు కేసి చూసుకున్నాడు.

ఆ వారమే గ్రీజు డబ్బా కొన్నాడు, సొంత డబ్బుతో. స్టోరులోంచి వచ్చే గ్రీజు వారానికి నాలుగు నొక్కుల లెక్క. గ్రీజు గన్నుతో నాలుగుసార్లు నొక్కాలి, నొక్కినట్టు లాగ్‌బుక్కులో రాయాలి. అంతకు మించి అడిగితే పుస్తకానికెక్కుతుంది. పైసా అక్కర్లేదన్నవాడు వారం తిరక్కుండానే గ్రీజుకి చెయ్యి చాపాడని ఎవరైనా అంటే? అందుకని డబ్బా తెచ్చి, బెంచీ కింద నూనె గుడ్డల్లో చుట్టి దాచాడు. మొదట మూడు రోజులకోసారి రెండు నొక్కులు. చెయ్యి ఇరవై రెండుకి దిగిన రోజున ఇంకో రెండు. పదిహేనుకి దిగాక రోజూ, పంపు వెయ్యబోయే ముందు, ఎవరూ లేకుండా చూసి. లాగ్‌బుక్కులో మాత్రం వారానికి నాలుగే. తన జేబులోంచి పోతున్నది తనిష్టం, అందులో ఎవరికి నష్టం అనుకున్నాడు. ఈ గ్రీజే లేకపోతే పంపు ఈపాటికి ఏమైపోయేదో అనుకుని, మరో నొక్కు నొక్కేవాడు.

శుక్రవారం ఇంజనీరమ్మ చెప్పాపెట్టకుండా వచ్చింది. చేతిలో తుపాకీలాంటి చిన్న పరికరం. దూరం నుంచి గురి పెడితే వేడి ఎంతో అంకెల్లో చూపిస్తుంది. బేరింగుకి గురి పెట్టి అంకె చూసింది, మళ్ళీ పెట్టి మళ్ళీ చూసింది. తర్వాత లాగ్‌బుక్కు తెరిచి, నిలబడే నాలుగు పేజీలు తిరగేసింది.

“వారానికి నాలుగు నొక్కులే కదా. అంతకు మించి ఏమైనా వేస్తున్నారా మేస్త్రి గారూ?”

బెంచీ కింద డబ్బా మేస్త్రి మడమకి తగులుతోంది.

“లేదమ్మా.”

“ఖాయంగా?”

“పుస్తకంలో ఉన్నదేనమ్మా.”

ఆమె నిట్టూర్చింది. “గ్రీజు సరిగ్గా ఉండి ఇంత వేడెక్కుతోందంటే బేరింగు లోపల అరిగిపోయినట్టే. సోమవారం అత్యవసర సమావేశం పెట్టమని చైర్మన్ గారికి రాస్తాను. ఆగిపోయేదాకా కూర్చుంటే అమ్మేవాడు చెప్పిందే ధర. పైగా పంపు వచ్చేదాకా ట్యాంకర్లతో నీళ్ళు తోలాలి. అప్పుడు పెంచాల్సింది పద్నాలుగు కాదు, ఇరవై దాటుతుంది.”

మేస్త్రి, “ఇంకో వారం చూద్దామమ్మా” అన్నాడు.

“మీరు చూస్తారు. ఊరు చూడొద్దూ?” అని ఆమె స్కూటరెక్కింది.

ఆ సాయంత్రం ఇంటి మెట్టు మీద మూలింటి పిన్ని కూర్చుని ఉంది. సొంత పిన్ని కాదు, వీధి మొత్తానికీ పిన్ని. భర్త పోయాక ఆ రెండు గదులూ, వెనక వాటాలో వచ్చే కాస్త అద్దే ఆవిడకి ఆధారం. పన్ను డబ్బు బిస్కెట్ల డబ్బాలో నెలనెలా విడిగా దాచుకుంటుంది.

“కట్టేశాన్రా అబ్బాయ్, పాత లెక్కకే. పద్నాలుగు పెంచుతారని ఎక్కువే దాచానా, అది మిగిలింది. కళ్ళజోడుకి ఇచ్చేశా. మూడేళ్ళుగా సూదిలో దారమెక్కించమని నీ పెళ్ళాం కాళ్ళావేళ్ళా పడుతున్నాను. నీ కడుపు చల్లగుండ!”

కడుపు చల్లగా లేదు. బేరింగు లాగే ఉంది. సోమవారం తర్వాత పన్ను పద్నాలుగో, ఇరవయ్యో పెరిగితే ఈవిడ ఆ కళ్ళజోడు తిరిగివ్వగలదా?

“పిన్నీ, ఆ డబ్బు కొన్నాళ్ళు దాచుకోవాల్సింది” అన్నాడు మెల్లగా.

“నువ్వున్నావుగా” అని ఆవిడ నవ్వుకుంటూ లేచింది.

శనివారం పొద్దుటి విడత ముగించుకుని వచ్చేసరికి ఇంట్లో మరో గొడవ. మేస్త్రి భార్య దర్జీ. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను. ఆస్పత్రి వాళ్ళ తెల్లకోట్లు పదహారు ఒప్పుకుంది. మూడు కోట్లు బల్ల మీద పరిచి ఉన్నాయి. ఒక్కొక్క దాని మీదా బొటనవేలంత నూనె మరక.

“రండి, రండి. మీ చేతి చలవ చూసుకోండి” అంది.

“నేనేం చేశాను?”

“మిషను టకటకమంటోందని మంగళవారం నూనె వేశారా? గురువారం వేశారా? నిన్న నేను పడుకున్నానని చూసి మళ్ళీ వేశారా? దానికి కూడా సభలో పూచీ ఇచ్చారేమిటి, నాకు చెప్పకుండా?”

“చప్పుడు చేస్తోందే…”

“ఇరవయ్యేళ్ళ నుంచి చేస్తోంది. నేను మాత్రం చెయ్యడం లేదూ? నాకూ పోస్తారా?” అని, వెంటనే గొంతు తగ్గించింది. “చక్రం తిప్పి చూడండి. ఈ నూనె, అందులో పడ్డ పీచు, రెండూ కలిసి బంకైపోయింది. మొరాయిస్తోంది.”

మేస్త్రి మిషను చక్రం మీద చెయ్యి వేసి తిప్పాడు. బురదలో నడుస్తున్నట్టు, తిరగలేక తిరిగింది. ఆయన మళ్ళీ తిప్పాడు. మూడోసారి తిప్పుతూ మధ్యలో ఆగిపోయాడు.

తనకు పని నేర్పిన పెద్దమేస్త్రి ఎప్పుడో అన్న మాట. బేరింగుకి గ్రీజు కూరలో ఉప్పురా, తగ్గితే వేసుకోవచ్చు, ఎక్కువైతే పారబోసుకోవాలి. పెట్టెలో మూడో వంతు నిండితే చాలు. నిండా కూరితే గోళీలు ఆ ముద్దను చిలుకుతూ, చిలుకుతూ తమ వేడికి తామే ఉడికిపోతాయి. ఈ సంగతి మేస్త్రికి తెలుసు. తన చేతి కింద పనిచేసిన ఆరుగురికి తనే నేర్పాడు. సాయంత్రం షిఫ్టాయనకి కూడా నేర్పింది తనే.

“ఏమైంది? అలా చూస్తారేమిటి?” అంది భార్య. “మరకలు పోతాయి లెండి. సుద్దపొడి వేసి చూస్తా.”

“రెండు నెలలుగా పోస్తున్నానే” అన్నాడు మేస్త్రి.

“నాలుగు రోజులేగా!”

ఆయన చక్రం మీంచి చెయ్యి తియ్యడం మర్చిపోయాడు.

ఆదివారం సెలవు. అయినా పొద్దున్నే పంపు హౌసు గుమ్మంలో నిలబడ్డ మేస్త్రిని చూసి, ఆ పూట డ్యూటీలో ఉన్న సాయంత్రం షిఫ్టాయన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: “సెలవునాడు కూడా అత్తారింటికొచ్చినట్టొచ్చావే. పలహారాలేం లేవిక్కడ.”

మేస్త్రి బెంచీ కింద నుంచి డబ్బా తీసి ఆయన ముందు పెట్టాడు. మూడు వంతులు ఖాళీ. షిఫ్టాయన డబ్బా లోపలికీ, మేస్త్రి మొహంలోకీ చూశాడు. నవ్వు పోయింది.

“ఇదంతా… దానికేనా?”

“ముందా పంపు ఆపు.”

పంపు ఆగాక బేరింగు పెట్టె అడుగున ఉన్న బిరడా విప్పారు. ఏమీ రాలేదు. ఊహ తప్పైతే? నిజంగానే బేరింగు పోయి ఉంటే? మేస్త్రి ఇనప తీగ లోపలికి పెట్టి తిప్పాడు. గట్టిపడ్డ పొర చిట్లింది. అప్పుడు వచ్చింది గ్రీజు, నల్లగా, వెచ్చగా, వేలు లావున, తెగకుండా. కింద పెట్టిన రేకు గిన్నె నిండింది.

మళ్ళీ పంపు వేశారు. మొదటి గంటకి పదమూడు. రెండో గంటకి పదమూడే. మేస్త్రి గుమ్మం దాకా నడిచాడు, తిరిగొచ్చాడు. చెయ్యి పెట్టాలనిపించింది, పెట్టడానికి భయమేసింది. మూడో గంటకి పదిహేడు.

“ట్యాంకు నిండిపోతోంది, ఆపనా?” అన్నాడు షిఫ్టాయన.

“ట్యాంకు కింది వాల్వు కాస్త తెరువు, నీళ్ళు దిగనీ. ఇంకో గంట.”

నాలుగో గంటకి ఇరవై రెండు. మేస్త్రి అక్కడే నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి స్క్రూడ్రైవరు చెవికి పెట్టాడు. ధ్వని నిలకడగానే ఉంది. కానీ దాని అడుగున, తిరిగి తిరిగి ఒకచోటికి రాగానే, చిన్న గీత. చాటలో ఇసక రేణువు దొర్లినట్టు. ఇదివరకు లేనిది. వయసు వల్ల వచ్చిందో, రెండు నెలల ఉడుకు వల్ల వచ్చిందో ఆ చెవి చెప్పలేదు.

షిఫ్టాయన గిన్నె ఎత్తాడు. “బతికిపోయావు పో. ఇది పారబోస్తా. చేతులు కడుక్కో. రేపు ఆ అమ్మ వచ్చి గురిపెడితే వేడుండదు. చెవిమేస్త్రి ఏదో మంత్రమేశాడంటారు. నీ పూచీ నిలబడుతుంది, పన్ను ఉన్నచోటే ఉంటుంది. ఎవరికేం నష్టం?”

ఎవరికేం నష్టం. ఆ మాట రెండు నెలల కిందట తను అనుకున్నదే. మేస్త్రి గిన్నె ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

“గీత వినిపించింది. నువ్వూ విను.”

షిఫ్టాయన విన్నాడు. స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

మేస్త్రి లాగ్‌బుక్కు తెరిచి గుర్తున్నంత మేరకు వెనక నుంచి రాసుకుంటూ వచ్చాడు. ఏ తేదీన ఎన్ని నొక్కులు, చెయ్యి ఎన్ని అంకెల దాకా ఆగింది. గుర్తులేని చోట గుర్తులేదనే రాశాడు. చివర గీత సంగతీ రాశాడు. ఎర్ర సిరా పెన్ను పేజీన్నర నడిచింది.

సోమవారం సమావేశానికి గంట ముందు, పుస్తకం చంకలో, పాత పేపరు కప్పిన గిన్నె చేతిలో పట్టుకుని ఇంజనీరమ్మ గదిలోకి వెళ్ళాడు. ఆమె చదివింది. పేపరు ఎత్తి గిన్నెలోకి చూసింది. చాలాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టింది.

“శుక్రవారం అడిగాను నేను.”

“అడిగారమ్మా. అబద్ధమాడాను.”

“ఎందుకు రాయలేదివి?”

“ఖర్చు కనబడకూడదని.”

“మీ పుస్తకం చూసుకుని నేను ఊరి చేత కొత్త పంపు కొనిపించబోయాను మేస్త్రి గారూ. ఇవాళ. ఇంకో గంటలో.” ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది మేస్త్రికి. “సంజాయిషీ మెమో ఇస్తాను. ఇవ్వక తప్పదు.”

“ఇవ్వండమ్మా.”

“గీత అని రాశారే, అది ఎన్నాళ్ళాగుతుంది?”

“తెలీదమ్మా.”

మొదటిసారి ఆమె ఆయన మాట రాసుకుంది.

సభలో బెంచీలు నిండిపోయాయి. అత్యవసర సమావేశమంటే పన్ను పెంపేనని ఊరికి ముందే తెలిసిపోయింది. రెండో వరసలో బావమరిది, వాడి పక్కన మూలింటి పిన్ని, కొత్త కళ్ళజోడుతో. ఆవిడ మేస్త్రిని వెతుక్కుని చూసి, బాగుందా అన్నట్టు తలెగరేసింది.

చైర్మన్ పిలిచాడు. “ఏం మేస్త్రీ, ఏదో చెప్పాలన్నావట.”

“రెండేళ్ళ పూచీ అన్నాను సార్. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.”

గోల లేచింది. మేస్త్రి ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. డబ్బా సంగతి, పుస్తకంలో రాయని సంగతి, ఆడిన అబద్ధం, గీత సంగతి చెప్పాడు. “పైసా అక్కర్లేదనడం నా తప్పు సార్. అప్పుడే అడగాల్సింది. ఒక జత బేరింగులు కావాలి. రెండో నంబరుకి సీళ్ళూ బేరింగులూ వేసి లేపాలి. ఒకటి ఆగితే రెండోది ఆడాలి. ఒక్కదాన్ని నమ్ముకుని, ఒక్కడి చెవిని నమ్ముకుని ఊరుండకూడదు.”

“నిన్ను నమ్మి చప్పట్లు కొట్టాం కదయ్యా!” అని వెనక నుంచెవరో అరిచారు.

“అదే భయపెట్టింది” అన్నాడు మేస్త్రి. కొందరు నవ్వారు, ఆయన నవ్వించాలని అనలేదు.

చైర్మన్ ఇంజనీరమ్మ వైపు తిరిగాడు. అడిగినవన్నీ కలిపినా కొత్త పంపు ధరలో పదిహేనో వంతు కాదని, మరమ్మతుల పద్దులో సరిపోతుందని ఆమె చెప్పింది. అయితే పాత పంపు ఎప్పటికైనా పాత పంపే. ఈ ఏడు పెంచక్కర్లేదు గానీ, వచ్చే ఏడు నుంచి నూటికి రెండు చొప్పున పెంచి విడిగా దాస్తే, కొనాల్సిన రోజున ఒక్కసారిగా నెత్తి మీద పడదు.

“రెండా?” అని బావమరిది లేచాడు.

“కూర్చోరా” అంది పిన్ని, వాడి చొక్కా పట్టి లాగుతూ. “బిస్కెట్ల డబ్బా లెక్కే కదా. నేను చేసేదేగా!”

చైర్మన్ కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. “గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాం, అందరం కలిసి” అంటూ కాగితం మీద సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక బావమరిది ఎదురుపడ్డాడు. “పూచీ పోయింది కాబట్టి బావా, రేపటి నుంచి గడ్డం ఖర్చు నీదే.” మేస్త్రి తలాడించాడు. ఆ మాటకి ఎందుకో కాస్త తేలిక పడ్డాడు.

బేరింగులు రావడానికి పద్దెనిమిది రోజులు పడుతుందన్నారు. గ్రీజు గన్ను ఇప్పుడు ఇంజనీరమ్మ బీరువాలో ఉంది. వారానికోసారి, ఆమె ఎదుట, నాలుగు నొక్కులు. మంగళవారం పొద్దున మేస్త్రి పంపు వేసి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టాడు. గీత అలాగే ఉంది. పెరిగిందా? పెరగలేదనే అనిపించింది. మళ్ళీ విన్నాడు. చెయ్యి తనంతట తను బెంచీ కిందికి, డబ్బా ఉండే చోటికి పోయింది. ఖాళీ నేల తగిలింది.

ఆ చేతినే తీసుకొచ్చి బేరింగు మీద పరిచాడు. ఒకటి, రెండు. ఇరవై దగ్గర వేళ్ళు కదిలాయి, ఆపుకున్నాడు. ఇరవై మూడు దగ్గర తీసేశాడు. మంట పుడుతున్న అరచెయ్యి ప్యాంటుకి రుద్దుకుని, పుస్తకం తెరిచి, తేదీ పక్కన ఇరవై మూడు అని రాశాడు. ఇంకా పదిహేడు రోజులు.